లక్క ముద్ర కింద బోల్టులు

పంజాగుట్ట రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మోటార్లు విప్పి బిగించే ఇస్తారి, తలమీద ఖాకీ టోపీ లేనిదే గడప దాటేవాడు కాదు. నడి ఎండాకాలమైనా అంతే, పెళ్లి భోజనానికి కూర్చున్నా అంతే. ఆ టోపీ పెట్టుకుంటే తాను పుట్టు మిస్త్రీలా కనిపిస్తానని ఆయన నమ్మకం. ఎవరైనా "మీదేవూరు?" అని అడిగితే "బొంబాయి లైను" అని ముక్తసరిగా చెప్పి పానా అందుకునేవాడు. బొంబాయితో ఆయనకున్న పరిచయమల్లా బేగంపేట స్టేషన్లో నిలబడి ఆ దిక్కు పోయే రైలుకు చెయ్యి ఊపడమే.

అసలు సంగతేమిటంటే, ఆయన సిరిసిల్ల దగ్గర సాలోళ్ల ఇంట్లో పుట్టాడు. నడక రాకముందే మగ్గం గుంతలోకి దొర్లాడు. తండ్రి మార్కండేయ నేసిన చీరలకు ఆ చుట్టుపక్కల మంచి పేరు. కొడుకు మాత్రం ఒకనాడు ఊళ్లోకి వచ్చిన మోటారు కారు వెనకాల పొలిమేర దాకా పరిగెత్తి, ఆ పరుగు ఆపకుండానే హైదరాబాదు చేరాడని ఊరివాళ్లు నవ్వుకునేవారు. పట్నంలో ఒక గ్యారేజీలో చేరి కార్లు కడిగి, టైర్లు మోసి, తిట్లు తిని, ఎలాగో పని నేర్చాడు. ఇంత అవస్థ పడి మిస్త్రీ అయ్యాక ఎవడో వచ్చి "ఓ సాలాయనా" అంటే ప్రాణం ఎట్లా ఒప్పుతుంది?

భార్య కాంతవ్వకు ఈ బాధ లేదు. అమీర్‌పేటలో వాళ్ల రెండర్రల ఇంట్లో ముందు గదిలోనే రాట్నం వేసుకుని, పొద్దస్తమానం నేతగాళ్లకు కండెలు చుట్టి పెట్టేది. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా ఇస్తారి పరుగున వచ్చి రాట్నం మీద బొంత కప్పేవాడు. ఒకసారి పెద్ద బంగళా డ్రైవరొకడు వచ్చి, "ఆ బొంత కింద ఏమున్నది?" అని అడిగాడు. ఇస్తారి నోటికి ఏది వస్తే అది, "మా తాత. పానం బాగలేక పండుకున్నడు" అనేశాడు. పాపం ఆ డ్రైవరు ఉన్నంతసేపూ గుసగుసగానే మాట్లాడి, పోయేముందు రాట్నానికి దండం పెట్టి పోయాడు. కాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

షెడ్డులో ఇస్తారికి పొత్తుదారు హనుమాండ్లు. వయసులో పెద్దవాడు. అమీర్‌పేటలోనే పుట్టిన కాపుదనపు కుటుంబం. చేలల్లో బంగళాలు మొలిచాక నాగలి వదిలి ఇనుము పట్టాడు. చేతిలో బలం ఉంది, నోట్లో ఇంకా ఎక్కువ ఉంది.

ఆ రోజుల్లో సోమాజిగూడలో దేవిడీ అని పిలిచే ఒక దొరగారి మహలు ఉండేది. దొరగారు ఏడాదిలో ఎక్కువ భాగం జాగీరులో వేటలో ఉండేవారు. దేవిడీలో మిగిలేది దొరసాని. ఆమె గోషా పాటించే మనిషి. బండెక్కినా తెర, గుడికి పోయినా తెర. ముఖానికి గాలి తగిలేది ఒక్కచోటే, హుస్సేన్ సాగర్ మీద. దొరగారు కొన్న మోటారు పడవ చెరువు నడుమకు వెళ్లాక, మగవాళ్లున్న వైపు తెర ఉంచి నీళ్లవైపు తెర ఎత్తేసేవారు. పొద్దు గూకే వేళ ఆ కాసేపటి కోసం ఆమె వారమంతా ఎదురుచూసేదని దాసీ చిలకమ్మ చెప్పేది.

ఆ పడవ ఇంజను పాడైంది. ఇంజను ఒంటికీ దాని నెత్తికీ మధ్యన అతుకు పోయి నీళ్లూ ఆవిరీ కారుతున్నాయి. పాత మిస్త్రీ చెప్పాపెట్టకుండా ఊరికి పోయాడు. దేవిడీ పెత్తనం చూసే దరోగా రాజనర్సయ్య ఇంజను దింపించి, ఎడ్లబండి మీద పంజాగుట్ట షెడ్డుకు తెచ్చాడు.

"చూడు ఇస్తారీ," అన్నాడు బండి దిగకుండానే. "కార్తీకంల దొరసాని పడవెక్కుతరు. ఆ దినం ఇంజను సక్కగ నడిస్తె, దేవిడీ ఇంజను మిస్త్రీ కొలువు నీది. నడుమల ఆగిందో, ఇంజను సికింద్రాబాద్ కంపెనీకి పోతది. నువ్వు సైకిల్ ట్యూబులకు పోతవ్."

దేవిడీ ఇంజను మిస్త్రీ! ఆ మాట చెవిన పడ్డాక ఇస్తారికి అన్నం సహించలేదు. మూడు తరాలుగా గుంతలో కాళ్లు పెట్టుకు కూర్చున్న ఇంటివాడు దొరసాని పడవలో నిలబడబోతున్నాడు! ఆయన ఆగగలిగాడా? ఊరికి పోయే మనిషి కనిపించగానే, కొలువు వచ్చేసిందని కబురంపేశాడు. అత్త బుచ్చమ్మ ఆ కబురు విని వాడంతా బెల్లం పంచిపెట్టింది. ఇప్పుడిక ఇంజను నడవకపోతే పట్నంలోనే కాదు, ఊళ్లోనూ ముఖం చెల్లదు.

అందుకే ఆ ఇంజనును ఒళ్లు దగ్గర పెట్టుకుని విప్పాడు. తుప్పు గీకాడు, అరిగినవి మార్చాడు, ఒంటికీ నెత్తికీ మధ్యన కొత్త రాగి రేకు గాస్కెట్ వేశాడు. నడుమ నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా ఒక్కో బోల్టూ బిగించుకుంటూ అంచులకు వచ్చాడు. అంతా అయ్యాక టోపీ వెనక్కి నెట్టుకుని అన్నాడు:

"ఇప్పుడు ఒకసారి వేడెక్కేదాక నడిపియ్యాలె. సల్లారినంక మళ్ల ఒక్క సుట్టు బోల్టులు బిగియ్యాలె. గప్పుడు పని అయినట్టు."

హనుమాండ్లు బీడీ ముట్టిస్తున్నవాడల్లా ఆగి, రోడ్డున పోయే ఎడ్లబండి చక్రం చూపించాడు. "మళ్ల ఎందుకు? బండి గిల్లకు ఇనుప పట్టా ఎట్లేస్తరు? ఎర్రగ కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తె, కట్టె ఇరిగేదాక దాన్ని ముట్టేటోడు ఉంటడా? బిగిసిన దాన్ని కెలుకుడంటే గోకి పుండు చేసుకున్నట్టు."

"గిల్ల వేరు, ఇంజను వేరు హనుమాండ్లన్నా. వేడికి గాస్కెట్ అణుగుతది. బోల్టు సడలుతది."

"సడలితే నీ బిగింపుల తక్కువున్నట్టు."

"తక్కువ లేదు!"

"మరి సడలదు."

వాదం అక్కడే ఆగిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే రాజనర్సయ్య ముద్రపెట్టె చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

ఈ ముద్రపెట్టె సంగతి కొంత చెప్పాలి. ఆ దేవిడీలో లక్క ముద్ర పడని వస్తువు లేదు. బియ్యం కొట్టు తాళానికి ముద్ర, కిరసనాయిలు డబ్బాకు ముద్ర, చివరికి ఆవకాయ జాడీ మూతిగుడ్డకు కూడా ముద్రే. దొరసాని చెల్లెలు చుట్టపుచూపుగా వచ్చి ఒక ఊరగాయ ముక్క అడిగితే, ముద్ర విప్పేవాడు ఒకడు, సాక్షి ఒకడు, మళ్లీ వేసేవాడు ఒకడు కూడేసరికి ఆమె మజ్జిగన్నంలోకి వచ్చేసింది. ముద్ర పడిందంటే పని పూర్తయినట్టు, ఇక ఎవరూ ముట్టకూడదన్నట్టు. అది దేవిడీ దస్తూరు.

రాజనర్సయ్య ఇంజను చుట్టూ తిరిగి, ఒక బోల్టును గోటితో కొట్టి చూశాడు. "బిగించినవా?"

"బిగించిన దరోగా సాబ్."

"గట్టిగనేనా?"

"మస్తు గట్టిగ."

"అయితే పని అయింది." ఆయన కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, బోల్టు తలల మీద చుక్కలు చుక్కలుగా పోసి, ఇత్తడి ముద్ర ఒత్తడం మొదలుపెట్టాడు.

ఇస్తారి చెయ్యి అడ్డం పెట్టాడు. "సాబ్, జర ఆగుండ్రి! ఒకసారి నడిపినంక మళ్ల బిగియ్యాలె."

ముద్ర గాలిలో ఆగింది. "ఇప్పుడే గట్టిగ బిగించిన్నంటివి?"

"బిగించిన. వేడెక్కితే సడలుతది."

"అంటే సడలేటట్టు బిగించినవా?"

"కాదు సాబ్. ఎంత గట్టిగ బిగించినా..."

"ఎంత గట్టిగ బిగించినా సడలేదైతే, మళ్ల బిగించినా సడలుతది గద? మొదటి మాటన్న అబద్ధం కావాలె, రెండో మాటన్న అబద్ధం కావాలె. ఏది అబద్ధమో నువ్వే చెప్పు."

ఇస్తారి సాయానికి హనుమాండ్లు వైపు చూశాడు. అది ఆయన చేసిన పెద్ద పొరపాటు.

"అయ్యా, నా మాటిను," అన్నాడు హనుమాండ్లు ఛాతీ విరిచి. "మా షెడ్డుల బిగింపంటే బండి గిల్లకు పట్టా ఎక్కినట్టే. మళ్ల ముట్టుడన్న మాటే లేదు."

"గదీ మాటంటే!" అని రాజనర్సయ్య మిగతా బోల్టులన్నిటికీ లక్క పోసేశాడు. ఎర్రని బొట్లు పెట్టించుకుని ఇంజను పేరంటాలికి బయల్దేరిన ముత్తయిదువలా కూర్చుంది. ఇస్తారికి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం ఇంటికి వచ్చి టోపీ మూలకు విసిరాడు. కాంతవ్వ రాట్నం ఆపకుండానే సంగతంతా విన్నది.

"ఇంత మాటకు ఇంత తిప్పలెందుకయ్యా? కొత్త పడుగు మగ్గం మీదికెక్కించినంక నాలుగు మూరలు నేసేటాలకు సడలదా? మళ్ల ఒక్కసారి గుంజి కట్టమా? గట్లనే అని చెప్పరాదు? పడుగు సంగతి తెల్వనోళ్లుంటరా?"

"ఏమే, నీకేమన్న తెలివున్నదా? దరోగా ముంగట పడుగు అన్ననా, నేను సాలోన్నని తెలుస్తది. పొయ్యి మగ్గం నేసుకో అంటడు. కొలువు పాయె, ఇజ్జత్ పాయె."

"ఇప్పుడు మస్తు ఉన్నట్టు ఇజ్జత్," అని కాంతవ్వ కండె మార్చుకుంది.

నాలుగు రోజులకు ఇంజనును పడవకెక్కించి ఒడ్డువెంబడి నడిపి చూశారు. ఇంజను బ్రహ్మాండంగా నడిచింది, బాగా వేడెక్కింది కూడా. వేడెక్కగానే ఏమవుతుంది? లక్క కరిగింది. బోల్టు తలల మీది ముద్రలన్నీ మెత్తబడి, జారి, ఇంజను పక్కలంట ఎర్రగా కారిపోయాయి. ఇస్తారికి ప్రాణం లేచి వచ్చింది. దేవుడే ముద్ర విప్పాడనుకున్నాడు. పడవ ఒడ్డున కట్టి, ఇంజను చల్లారేదాకా ఓపిక పట్టి, అటూ ఇటూ చూసి, పానా బోల్టుకు తగిలించాడు.

"దొంగా!"

వెనకాల రాజనర్సయ్య. "ముద్రలు పలగ్గొట్టినవ్?"

"పలగ్గొట్టలేదు సాబ్! వేడికి కరిగినయి. చూడుండ్రి, ఇగో కారింది."

"ఇరవై ఏండ్ల నుంచి బియ్యం కొట్టుకు ముద్ర ఏస్తున్న. నడి వైశాఖంల సుత ఒక్కటి కరగలే. నీ చేతికి రాంగనే కరిగిందా?"

"బియ్యం వేడెక్కయి గద సాబ్, ఇంజను వేడెక్కుతది."

"ఎక్కువ మాట్లాడకు."

ఈసారి లక్క రెట్టింపు మందంగా పడింది. పడవ దగ్గర రాత్రింబవళ్లు ఒక కావలివాడు కూడా పడ్డాడు. ఇస్తారి ఒడ్డున చెట్టుకింద కూర్చుని ఆ బోల్టులకేసి, పుట్టింటికి పోతున్న భార్యకేసి చూసినట్టు చూసేవాడు. అణగాల్సిన రేకు అణిగింది. బిగించాల్సిన బోల్టు బిగించలేదు. నడుమ వెంట్రుకవాసి సందు. అది ఆయనకు కళ్లు మూసుకున్నా కనిపించేది.

చివరికి దొరసానికే మొర పెట్టుకుందామని దేవిడీ దొడ్డివాకిలి దగ్గర నిలబడ్డాడు. ఒకనాడు రేపు రమ్మన్నారు, ఇంకోనాడు పూజలో ఉన్నారన్నారు, మరోనాడు అసలు ఎవరూ పలకలేదు. ఎట్టకేలకు చిలకమ్మ బయటకు వచ్చింది.

"ఏం కావాలె?"

టోపీ సవరించుకుని, తన గ్యారేజీ గాంభీర్యమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. "అమ్మగారితోని చెప్పు. హెడ్డు కింద గాస్కెట్ ఉన్నది. వేడి తగిలినంక గాస్కెట్ కూసుంటది. అందుకని బోల్టులు బిగియ్యాలె. బేగంపేటల విమానాల ఇంజన్లకు సుత ఇదే లెక్క."

చిలకమ్మ లోపలికి పోయి వచ్చింది. "అమ్మగారు అంటున్నరు, కూసుంటే కూసోనీ, పాపం దానికేం నొప్పి? విమానం ఎక్కుడు తనకు భయమట."

ఆ పూట ఇస్తారి సోమాజిగూడ నుంచి పంజాగుట్ట దాకా తనలో తాను మాట్లాడుకుంటూ నడిచాడు. దారిలో ఒక గేదె అడ్డం వస్తే దానికి కూడా గాస్కెట్ సంగతి చెప్పాడంటారు. అది దరోగా కంటే శ్రద్ధగా విన్నదట.

కార్తీకం వచ్చింది. దొరసాని పడవెక్కే రోజు వచ్చింది. పడవ ముందు భాగంలో చుక్కాని చక్రం పట్టుకుని హనుమాండ్లు, నడుమ ఇంజను దగ్గర ఇస్తారి, ఇంజను పక్కనే బల్లమీద ముద్రపెట్టె ఒళ్లో పెట్టుకుని రాజనర్సయ్య. ఆయనకు నీళ్లంటే భయం, రెండు చేతులా పెట్టెనే గట్టిగా పట్టుకున్నాడు. వాళ్ల వెనకే తెర. తెర వెనక దొరసాని, చిలకమ్మ. తెర చేతికందే దూరంలో ఉంది. అటు గాజులు కదిలినా ఇటు వినిపిస్తుంది.

పడవ సాఫీగా చెరువు నడుమకు వెళ్లింది. నీళ్లవైపు తెర ఎత్తిన చప్పుడైంది. గాలి తగిలిందేమో, దొరసాని హాయిగా ఊపిరి విడవడం వినిపించింది. ఇస్తారి కళ్లు మాత్రం బోల్టుల మీదే ఉన్నాయి. లక్క మెత్తబడింది. జారింది. కారింది. ఆ తర్వాత, ఆయన ఇన్నాళ్లూ కలలో విన్న చప్పుడే, "సుయ్యి"మని సన్నగా మొదలైంది. నెత్తి అంచున ఒక నీటి బుడగ లేచి పగిలింది. దాని పక్కన ఇంకొకటి.

ఇస్తారి గబుక్కున ఇంజను ఆపేశాడు. పడవ తేలుతూ నిలబడింది.

తెర అవతల నుంచి చిలకమ్మ గొంతు: "అమ్మగారు అడుగుతున్నరు, పాము బుస కొట్టినట్టు ఇనవడ్డది, ఏంది?"

మగవాళ్లతో దొరసాని మాట్లాడకూడదు. దొరసానితో మగవాళ్లు మాట్లాడకూడదు. దొరసాని ఉన్నచోట పనివాడు నేరుగా దాసీతోనైనా మాట్లాడకూడదు, దరోగా ద్వారానే పోవాలి. మూరెడు దూరం మాట మూడు మజిలీలు చేస్తూ నడిచింది.

"బోల్టు సడలి ఆవిరి పోతున్నది సాబ్. పానా నా నడుముకే ఉన్నది. ఇప్పుడే బిగిస్త."

"దొరసాని హుకుం లేంది ముద్ర ఇప్పద్దు," అన్నాడు రాజనర్సయ్య పాలిపోయిన ముఖంతో.

"ముద్ర ఏడున్నది సాబ్? కరిగి పాయె గద!"

"లక్క కరిగితే హుకుం కరుగుతదా? చిలకమ్మా, అమ్మగారితోని చెప్పు. బోల్టులు బిగిస్తడట."

"అమ్మా, బిగిస్తడట."

గాజుల గలగల. "ముందుగాల బిగియ్యలేదా, అని అడుగుతున్నరు."

"బిగించిండట," అన్నాడు రాజనర్సయ్య.

"బిగిస్తే మళ్లెందుకు, అంటున్నరు."

"నేనూ గదే అడిగిన," అన్నాడు రాజనర్సయ్య, భయంలోనూ కొంత సంతోషించి. "జవాబు లేదు."

చుక్కాని దగ్గర నుంచి హనుమాండ్లు కేక వేశాడు. "కెలకద్దు కెలకద్దు అంటె ఇన్నడా! అప్పుడు ఒడ్డున పానా పెట్టిండు గద, గందుకే సడలింది!"

ఇస్తారి పానా తగిలించాడే తప్ప ఆనాడు తిప్పనైనా తిప్పలేదు. రేపు ఇంజను సికింద్రాబాద్ పోతుంది. ఎల్లుండి ఊళ్లో బుచ్చమ్మ పంచిన బెల్లం ఎవరి గొంతులోనూ దిగదు. గ్యారేజీలో నేర్చిన మాటలన్నీ వెతికి చూశాడు. హెడ్డు, గాస్కెట్, ప్రెజరు. ఒక్కటీ ఆ తెర దాటేలా లేదు. దాటే మాట ఒకటే ఉంది. దాన్నే ఇన్నేళ్లూ బొంత కింద దాచాడు.

మజిలీలన్నీ వదిలేసి, తెర వైపే తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా, నేను సాలోన్ని. సిరిసిల్ల దిక్కు మాది. మా నాయిన చీరలు నేసెటోడు. కొత్త పడుగు మగ్గం మీదికెక్కించి ఎంత గుంజి కట్టినా, నాలుగు మూరలు నేసేటాలకు నూలు సాగుతది. పడుగు సడలుతది. మళ్ల ఒక్కసారి గుంజి కడతం. కట్టినోనిది తప్పు గాదు తల్లీ, నూలు గుణం గది. ఈ ఇంజను నడుమ ఏసిన రాగి రేకు సుత గంతే. మొదటి వేడికి అణుగుతది. అణిగినంక ఒక్కసారి బిగిస్తే మళ్ల కదలదు. నన్ను బిగియ్యనియ్యలే."

 రాజనర్సయ్య లేవబోయి, పడవ ఊగేసరికి మళ్లీ కూర్చున్నాడు; పనివాడు తెరతో మాట్లాడిన పాపానికి ఏ శిక్ష వెయ్యాలో దస్తూరులో లేదు.

తెర వెనక గుసగుస. తర్వాత చిలకమ్మ. "అమ్మగారు అంటున్నరు, తన పెట్టెల సిరిసిల్ల చీరలే ఉన్నయట. ఇంత సక్కని మాట, దొడ్డివాకిట్లనే ఎందుకు చెప్పలేదని అడుగుతున్నరు."

ఇస్తారి తలకు చెమట పట్టి టోపీ తీశాడు.

"సరే, బిగించుమంటున్నరు. పొద్దు గూకకముందే."

ఇంజను చల్లబడేదాకా నీళ్లు చల్లుతూ కూర్చుని, ఆ తర్వాత నడుమ నుంచి మొదలుపెట్టి, ఎదురెదురుగా, అంచులకు. ఒక్కో బోల్టూ కాస్త కాస్త కదిలింది. కదిలిన ప్రతిసారీ ఇస్తారి గుండెలోంచి పెద్ద మూల్గు ఒకటి వచ్చింది. అందులో బలం సగం, ఇన్నాళ్ల కడుపుమంట సగం. ఇంజను అందుకుంది. బుస లేదు, బుడగ లేదు. దొరసాని ఒక చుట్టు చాలదని ఇంకో చుట్టు తిప్పించుకుని, చుక్కలు పొడిచాక ఒడ్డు దిగింది.

కొలువు వచ్చింది. దాంతోపాటు పేరు కూడా వచ్చింది. మర్నాటికల్లా దేవిడీ గేటు జవాను నుంచి వంటమనిషి దాకా అందరికీ ఆయన "సాలె మిస్త్రీ"యే. టోపీ ఎంత కిందికి లాగినా ఆ పేరు పోలేదు. కాంతవ్వ రాట్నం మీది బొంత తీసి ఉతికి ఆరేసింది, చలికాలానికి పనికొస్తుందని. ఆ మేరకు ఇంట్లో శాంతి.

అయితే ఇస్తారి కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. దొరసాని మనసున్న మనిషి. బాగా ఆలోచించి ఒక హుకుం ఇచ్చింది. సడలడం దాని గుణమన్నాడు కనుక, ఇకమీద ప్రతి శుక్రవారం దరోగా కళ్లముందు బోల్టులన్నీ బిగించాలి. బిగించాక ముద్ర వెయ్యాలి.

ఇస్తారి లబోదిబోమన్నాడు. "వద్దు సాబ్! ఒక్కసారే అన్న గద! రేకు అణిగింది, అయిపోయింది. ఇగ వారం వారం గుంజితే ఇనుము సాగి బోల్టు తెగుతది."

రాజనర్సయ్య కళ్లు చిన్నవి చేసి చూశాడు. "బిగియ్యద్దన్ననాడు బిగియ్యాలె అన్నవ్. బిగించుమన్ననాడు వద్దంటవ్. నీదేం నోరయ్యా? ఒక్కమాట మీద నిలవడవా?"

హనుమాండ్లుకు ఆ రోజు నవ్వలేక కడుపునొప్పి వచ్చింది. "నేను చెప్పలే? బిగిసినదాన్ని ముట్టద్దని! ఇప్పుడు నువ్వే అంటున్నవ్!"

"నువ్వన్నది వేరు, నేనన్నది వేరన్నా!"

"ఏమో తమ్మీ, నాకైతే ఒక్కతీర్గనే ఇనవడ్డది."

ఏంచేస్తాడు? బోల్టు తెగితే కొలువు పోతుంది, బిగించనంటే కూడా పోతుంది. కనుక ప్రతి శుక్రవారం పానా తగిలించి, వేలంత కూడా తిప్పకుండా, నరాలు ఉబ్బేలా ముఖం ఎర్రగా చేసుకుని, పడవలో వచ్చిన మూల్గు లాంటిదే ఒకటి పెట్టేవాడు. రాజనర్సయ్య ప్రతి మూల్గుకూ తలూపి, ఒక లక్క చుక్క పోసేవాడు. అంతటితో ఇంజనుకు క్షేమం, దేవిడీకి తృప్తి.

కొన్నాళ్లకు రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలు దొరకడం మానేసింది. పడవను ఒడ్డుకు లాగి తాటిపత్రి కప్పారు. ఇంజను వేడెక్కి ఏడాది దాటింది, లక్క కరగడమే లేదు, పాత చుక్కమీద కొత్త చుక్క పడి బోల్టు తలలు నేరేడుకాయలంత అయ్యాయి. ఇక ఈ పని ఆపుదామని ఇస్తారి ఎన్నిసార్లు మొత్తుకున్నా లాభం లేదు. దొరసాని హుకుంలో యుద్ధం ప్రసక్తి లేదని రాజనర్సయ్య వాదన.

ఒక శుక్రవారం ఇస్తారికి జలుబు. తాటిపత్రి కింద దూరి, పానా పట్టేంత మేరకు లక్క గీకి, పానా తగిలించి, ఎట్లాగో మూల్గి లేచాడు. పక్కన కొవ్వొత్తి పట్టుకు నిలబడ్డ రాజనర్సయ్య లక్క పొయ్యలేదు. తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యాల మూల్గు సరిగ రాలే, మిస్త్రీ. మళ్ల బిగించు."